ఒక్క పాయింటు

మా ఇంటావిడ పోయారని మొన్న వాళ్ళమ్మాయి మెసేజ్ పెట్టింది. ఐర్లండ్‌లో, మేయో కౌంటీలో, కాసిల్‌బార్ ఊరి బయట నేను అద్దెకున్న ఇంటి ఓనరు ఆవిడ. ఎనభై దాటాయి. నిద్రలోనే వెళ్ళిపోయారట. "పొద్దున మిడ్‌వెస్ట్ రేడియోలో అమ్మ పేరు చదివారు" అని చివర్లో రాసింది. అంతవరకూ బాగానే ఉన్నదాన్ని, ఆ మాట దగ్గర ఏడ్చేశాను.

ఆ రేడియోలో రోజూ మరణవార్తలు చదువుతారు. ఎవరు పోయారు, ఏ ఊరు, చూడ్డానికి ఎప్పుడు రావచ్చు, చర్చిలో ప్రార్థన ఎన్నింటికి, ఏ శ్మశానంలో పూడుస్తారు, అన్నీ ఒక్కొక్కటిగా, తొందర లేకుండా. అవి వచ్చేటప్పుడు వంటింట్లో చెంచా చప్పుడు కూడా చేయకూడదు. ఆవిడ టీ కప్పు పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి ఉంచేవారు, ఎవరూ మాట్లాడొద్దని. అది అయిపోయాక చెయ్యి దించి, "సరే, ఇప్పుడు ఆట సంగతి చెప్పమను" అనేవారు. మే నెల వచ్చిందంటే ఆ ఇంట్లో రెండే విషయాలు: ఎవరు పోయారు, మేయో ఎప్పుడు ఆడుతోంది.

నేను తణుకు దగ్గర పల్లెటూరి పిల్లని. నర్సింగ్ చదువుకుని, ముందు డబ్లిన్‌లో కొన్నాళ్ళు చేసి, తర్వాత కాసిల్‌బార్ దగ్గర వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగం దొరికితే అక్కడికి మారాను. వెళ్ళిన కొత్తలో వాన, గాలి, ఖాళీ రోడ్లు, సాయంత్రమయ్యేసరికి ప్రతి ఇంటి పొగగొట్టంలోంచి పీట్ కాలిన వాసన. బురదనేలలోంచి ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, చలికాలానికి పొయ్యిలో వేసుకునే మట్టి అది. మొదట్లో ఆ వాసనకి తలనొప్పి వచ్చేది. తర్వాత్తర్వాత డ్యూటీ దిగి సందు మలుపు తిరగ్గానే ఆ వాసన తగిలితేనే ఇంటికి వచ్చినట్టుండేది.

ఆ సందులో ఇంకో చప్పుడు ఉండేది. పక్కింటి కుర్రాడు సాయంత్రమంతా వాళ్ళ పశువుల కొట్టం గోడకి బంతి తన్నేవాడు. ధబ్, మళ్ళీ ధబ్. వానొచ్చినా ఆపేవాడు కాదు. ఆ కుర్రాడే నాకు ఆట నేర్పిన గురువు. గేలిక్ ఫుట్‌బాల్ అంటే కాళ్ళతో ఆడే మామూలు ఫుట్‌బాల్ కాదు. చేత్తో పట్టుకోవచ్చు, తన్నొచ్చు, పిడికిలితో కొట్టి అందించొచ్చు. పట్టుకుని నాలుగడుగులకి మించి పరిగెత్తకూడదు, నేలకి కొట్టి అందుకోవాలి, లేదా కాలివేళ్ళ మీద వేసుకుని మళ్ళీ చేతిలోకి ఎగరేసుకోవాలి. జట్టుకి పదిహేను మంది. గోల్ స్తంభాలు ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటాయి. అప్పట్లో అడ్డకర్ర మీదుగా ఎక్కణ్ణుంచి కొట్టినా ఒక పాయింటే. కింద వలలో పడితే గోల్, అంటే మూడు పాయింట్లు. అందుకే స్కోరు 2-9 అని రాస్తారు. రెండు గోల్స్, తొమ్మిది పాయింట్లు, మొత్తం పదిహేను. ఈ లెక్క గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఆ ఆటలో నన్ను కట్టిపడేసింది నియమాలు కాదు. ఆడేవాళ్ళకి డబ్బులివ్వరు. ఎనభై రెండు వేల మంది ముందు ఆదివారం ఆడినవాడు సోమవారం తన ఉద్యోగానికి వెళ్తాడు. ఎక్కువ డబ్బిస్తాం రమ్మని ఇంకో కౌంటీ పిలవడానికి లేదు. మీ ఊరి క్లబ్బుకి ఆడతారు, బాగా ఆడితే మీ కౌంటీకి ఆడతారు, అంతే. ఆండీ మొరాన్ అనే ఫార్వర్డ్ ఉండేవాడు. వాళ్ళ ఊరు బాలహడరీన్ సర్కారు పటంలో పక్కనున్న రాస్‌కామన్ కౌంటీలోకి వెళ్ళిపోయి నూరేళ్ళు దాటింది. అయినా ఆ ఊరి క్లబ్బు ఇప్పటికీ మేయోకే ఆడుతుంది. సరిహద్దులు గీసేవాళ్ళు గీసుకుంటారు, జనం తమ ఊరు ఎటుందో మర్చిపోరు.

మేయో నుంచి జనం వెళ్ళిపోవడం కొత్త కాదు. కరువు కాలం నుంచీ అంతే. ఆవిడ పెద్దకొడుకు బోస్టన్‌లో, రెండోవాడు సిడ్నీలో. ఆవిడ తమ్ముడు లండన్‌లో తాపీ పని చేసేవాడట. 1989లో మేయో చాలా ఏళ్ళ తర్వాత, ఐర్లండ్ కౌంటీలన్నీ ఆడే పోటీలో ఫైనల్‌కి వచ్చింది, కార్క్ మీద. ఆ రోజు తమ్ముడు లండన్ నుంచి ఫోన్ చేస్తే, వసారాలో ఉన్న ఫోన్ తీగ వంటింటి దాకా రాదని, రేడియోనే వసారాలోకి మోసుకొచ్చి, స్టూలు మీద పెట్టి, రిసీవరు దాని ముందు పట్టుకుని నిలబడ్డారట. అతను అక్కడ బూత్‌లో నాణేలు వేస్తూ విన్నాడు. అవి అయిపోయి లైను తెగిపోతే, మళ్ళీ ఎవరి దగ్గరో చిల్లర అడుక్కుని చేశాడు. మేయో ఓడిపోయింది. "వాడు అంత దూరం నుంచి డబ్బులు పోసి ఓటమి విన్నాడు పాపం" అని ఆవిడ తలచుకున్నప్పుడల్లా నాకు మా నాన్న గుర్తొచ్చేవారు. ఆదివారం నా ఫోన్ కోసం వరండాలో కుర్చీ వేసుక్కూర్చునే మనిషి. పిల్లలు దేశాలు పట్టిపోయిన ఇంట్లో ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు కాబట్టే నన్ను అంత దగ్గరికి తీశారని నా నమ్మకం.

నేను చెప్పదలుచుకున్నది 2016 సీజన్ గురించి. ఆ ఏడాది మొదలే బాగోలేదు. కొనాక్ట్ ప్రాంతపు టైటిల్ వరసగా ఐదేళ్ళు గెలిచిన మేయో, జూన్‌లో సొంతగడ్డ మీద, కాసిల్‌బార్ మెక్‌హేల్ పార్క్‌లో గాల్వే చేతిలో ఓడిపోయింది. 1-12కి 0-12. ఆ సాయంత్రం ఊళ్ళో కార్లు హారన్ కొట్టకుండా వెళ్ళిపోవడం నాకు ఇంకా గుర్తుంది. గాల్వే పక్క కౌంటీ. దగ్గరవాళ్ళ చేతిలో ఓటమి ఇంకా మండుతుంది కదా.

అప్పట్లో ఓడినవాళ్ళకి ఇంకో దారి ఉండేది. దాన్ని అక్కడివాళ్ళు దొడ్డిదారి అనే అంటారు. ఎవరితో ఆడాలో సోమవారం పొద్దున రేడియోలో డ్రా తీసేవారు. నైట్ డ్యూటీ దిగి నేనొచ్చేసరికి ఆవిడ బ్రెడ్డు కాలుస్తూ రేడియోకి చెవి ఆనించి ఉండేవారు. ఫర్మానా. తర్వాత కిల్డేర్. తర్వాత వెస్ట్‌మీత్. ఒక్కొక్కళ్ళనీ దాటుకుంటూ వచ్చారు, ఏదీ అంత అందమైన ఆట కాదు. ఆగస్టులో క్వార్టర్ ఫైనల్‌లో టైరోన్ మీద 0-13కి 0-12, ఒక్క పాయింటుతో బయటపడ్డారు. అప్పుడు మొదలైంది ఊళ్ళో కదలిక.

ఎరుపు, ఆకుపచ్చ మేయో రంగులు. కరెంటు స్తంభాలకి జెండాలు, దుకాణాల కిటికీల్లో జెర్సీలు, పాలవ్యాను మీద రిబ్బన్లు. పొలాల్లో గొర్రెల వీపుల మీద కూడా ఒక పక్క ఎరుపు, ఒక పక్క పచ్చ రంగు కొట్టేశారు. మనకి జాతర వచ్చే వారం ఊరు ఎలా మారిపోతుందో సరిగ్గా అలాగే. సెమీఫైనల్లో టిప్పరేరీ. వాళ్ళు 1935 తర్వాత మొదటిసారి అంతదాకా వచ్చారు. మేయోవాళ్ళు కూడా టిప్పరేరీ అంటే గౌరవంగానే మాట్లాడేవారు. 1920లో క్రోక్ పార్క్‌లో ఆట జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపినప్పుడు చనిపోయిన మైకేల్ హోగన్ టిప్పరేరీ ఆటగాడు. అతని పేరే ఇప్పుడు అక్కడి పెద్ద స్టాండుకి ఉంది. ఆ సెమీస్ 2-13కి 0-14తో మేయో గెలిచింది. ఫైనల్లో డబ్లిన్.

మా నర్సింగ్ హోమ్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. రైతు, పెళ్ళి చేసుకోలేదు, మాట తక్కువ. వాకర్‌కి రెండు పక్కలా రిబ్బన్లు కట్టించుకున్నారు, ఎడమ వైపు పచ్చ, కుడి వైపు ఎరుపు. నేను పొద్దున బీపీ చూడ్డానికి వెళ్తే చెయ్యి చాపుతూ, "ఇవాళ ఎక్కువుంటుంది, రాసుకో" అనేవారు. మేయో 1950లోనూ 1951లోనూ వరసగా గెలిచింది. 1951 ఫైనల్ నాటికి ఆయనకి పదహారేళ్ళు, నాన్నతో కలిసి రైల్లో వెళ్ళి చూశారట. ఆ తర్వాత మేయోకి ఆ కప్పు, సామ్ మగ్వైర్ కప్పు, రాలేదు. నేను ఆయన్ని అడిగే నాటికి అరవై ఐదేళ్ళు. మధ్యలో ఏడు ఫైనల్స్ ఓడిపోయారు. 1989, 96, 97, 2004, 2006, 2012, 2013. ఆయన ఈ ఏళ్ళన్నీ జపమాల తిప్పినట్టు వరసగా చెప్పేవారు.

శాపం కథ అక్కడ అందరికీ తెలుసు. 1951లో కప్పుతో తిరిగి వస్తున్న జట్టు ఫాక్స్‌ఫర్డ్ దగ్గర ఒక శవయాత్ర ఎదురైతే ఆగి దణ్ణం పెట్టకుండా లారీ మీద సంబరాలు చేసుకుంటూ వెళ్ళిపోయిందని, అది చూసిన ఫాదరు ఈ జట్టులో చివరివాడు బతికున్నంత కాలం మేయో మళ్ళీ గెలవదని శపించాడని చెప్పుకుంటారు. 2016 నాటికి ఆ జట్టులో ఇద్దరు బతికున్నారు, పాడీ ప్రెండర్‌గాస్ట్, పాడ్రిగ్ కార్నీ. పెద్దాయన ముందు ఎవరైనా ఆ కథ ఎత్తితే కోపం వచ్చేది. "బతికున్న మనుషులు ఎప్పుడు పోతారా అని ఎదురుచూసే కథ అదేం కథ? వాళ్ళిద్దరూ నూరేళ్ళుండాలి, మనం గెలవాలి" అనేవారు. ఆ మాటకి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

సిడ్నీ కొడుకు రాలేకపోవడంతో ఆవిడ దగ్గర క్లబ్బు ఇచ్చిన టికెట్ ఒకటి మిగిలింది. ఆ టికెట్ల కోసం జనం ఎంత తిరుగుతారో చూశాను కాబట్టి నాకొద్దన్నాను. "నువ్వు ఏడాదిగా ఈ ఇంట్లో రేడియో వింటున్నావు, ఇంకెవరికిస్తాను" అని నా బ్యాగులో పెట్టేశారు. సెప్టెంబరు మూడో ఆదివారం, తెల్లారకుండానే బయల్దేరాం. దారి పొడుగునా ఊరి చివర ఇళ్ళ ముందు ముసలివాళ్ళు గౌన్ల మీదే నిలబడి కార్లకి చేతులూపారు. లాంగ్‌ఫర్డ్ దగ్గర రోడ్డు పక్కన ఆపి, డిక్కీ తెరిచి, ఫ్లాస్కులో టీ, వెన్నరాసిన బ్రెడ్డు మధ్యలో హామ్ ముక్కలు. నేను చేసుకెళ్ళిన నిమ్మకాయ పులిహోర ఆవిడ తమ్ముడి కొడుకు ఒక్కడే సగం తినేశాడు. అటు వెళ్తున్న ప్రతి మేయో కారూ మమ్మల్ని చూసి హారన్ కొట్టింది.

క్రోక్ పార్క్ లోపలికి అడుగుపెట్టి మైదానం చూసినప్పుడు నోట మాట రాలేదు. మామూలు ఫుట్‌బాల్ మైదానం కంటే ఎంత పెద్దదో. ఒక చివర హిల్ 16 అనే మెట్ల మీద డబ్లిన్ జనం నీలం గోడలా నిలబడ్డారు. మిగతా చోట్ల ఎవరి అభిమానులకీ వేరే గేటూ లేదు, కంచే లేదు. నా పక్కనే డబ్లిన్ తండ్రి, తొమ్మిదేళ్ళ కూతురు. ముందు బ్యాండు వెనక రెండు జట్లూ మైదానం చుట్టూ కవాతు చేశాయి. తర్వాత జాతీయగీతం. దాని చివరి పాదం ఎవరికీ వినిపించదు, అప్పటికే అరుపులు మొదలైపోతాయి. ఆ హోరు కాళ్ళ కింద సిమెంటులోంచి వచ్చింది.

వాన. బంతి చేతుల్లోంచి జారిపోతోంది. మేయోవాళ్ళు డబ్లిన్‌ని ఎంత గట్టిగా కట్టేశారంటే, మొదటి సగంలో చాలాసేపటి దాకా డబ్లిన్ ఆటగాళ్ళెవరూ ఆట మధ్యలో స్కోరు చేయలేకపోయారు. కానీ గోల్స్ రెండు పడ్డాయి. రెండూ మేయోవాళ్ళు తమ గోల్‌లోనే వేసుకున్నవి. మొదటిది కెవిన్ మెక్‌లాక్లిన్‌కి తగిలి, రెండోది కోల్మ్ బాయిల్ కాలికి తగిలి. విరామానికి 2-4, 0-5. ఆవిడ ఏమీ అనలేదు. చేతిరుమాలు వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నారు. పక్కనున్న డబ్లిన్ తండ్రి ఆవిడ వైపు తిరిగి, "మీవాళ్ళు మాకంటే బాగా ఆడుతున్నారండీ" అన్నాడు. మొహమాటానికి కాదు, నిజంగానే అన్నాడు.

రెండో సగంలో మేయో ఒక్కో పాయింటూ కూడగట్టుకుంటూ సమం చేసింది. మళ్ళీ డబ్లిన్ మూడు పాయింట్లు ముందుకెళ్ళింది. నిర్ణీత సమయం డెబ్భై నిమిషాలు అయిపోవచ్చింది. మేయో తరఫున డోనల్ వాన్ ఒకటి కొట్టాడు. ఆండీ మొరాన్ ఒకటి. అదనపు సమయం కూడా అయిపోతుండగా కిలియన్ ఒకానర్ బంతి అందుకున్నాడు. కాలు ఊపడం చూశాను. బంతి ఎటు పోయిందో నాకు కనపడలేదు, మా స్టాండంతా లేచిపోయింది. ఆవిడ నా మోచేయి పట్టుకుని, "పోయిందా? మీద నుంచి పోయిందా?" అని అరిచారు. పోయింది. డబ్లిన్ 2-9, మేయో 0-15. పదిహేను, పదిహేను.

డ్రా అయినప్పుడు ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. గెలిచినట్టు ఎగరడానికి లేదు, ఓడినట్టు బయటికి నడవడానికి లేదు. అంత జనమూ వానలో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఎవరు ఎవరికి కొడుతున్నారో తేడా లేకుండా. 2000 తర్వాత ఫైనల్ రీప్లే దాకా వెళ్ళడం అదే మొదటిసారి.

రీప్లే అక్టోబరు ఒకటి, శనివారం సాయంత్రం ఐదింటికి. ఆ రోజు నాకు డ్యూటీ పడింది. బోస్టన్ కొడుకు విమానమెక్కి వచ్చేశాడు, టికెట్ వాడికి వెళ్ళింది, అది న్యాయమే. ఆవిడ వెళ్ళలేదు. మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదని చెప్పారు. అసలు సంగతి నాకు తెలుసు. దగ్గర దగ్గరగా నడిచే ఆట చివరి పది నిమిషాలు ఆవిడ ఎప్పుడూ వినలేరు. రేడియో గట్టిగా పెట్టి, తాను పెరట్లోకి వెళ్ళి కోళ్ళ దగ్గర నిలబడతారు. పక్కింటివాళ్ళు ఎలా అరిచారో దాన్నిబట్టి తెలుసుకుంటారు.

మా హోమ్‌లో ఆ సాయంత్రం భోజనాలు ముందే పెట్టేశాం. వీల్‌చైర్లన్నీ హాల్లోకి తోశాం. ఎప్పుడూ ఎవరినీ గుర్తుపట్టని ఒక ముసలావిడ ఒంటి మీద ఎవరో జెర్సీ తొడిగితే, దాన్ని చేత్తో నిమురుతూ కూర్చుంది. పెద్దాయన ముందు వరసలో, వాకర్ మోకాళ్ళకి ఆనించుకుని. నేను మందుల ట్రాలీతో వెనక నిలబడ్డాను. మేయో గోల్‌కీపర్ డేవిడ్ క్లార్క్ బదులు రాబ్ హెనెల్లీని దించారు. దాని మీద ఇప్పటికీ వాదనలు తెగవు, నేను ఆ మేనేజరు స్టీవెన్ రోచ్‌ఫర్డ్‌ని తప్పు పట్టను. గెలవడానికే కదా ఎవరైనా ఏదైనా చేసేది. మొదటి సగంలో లీ కీగన్ పరిగెత్తుకొచ్చి గోల్ కొట్టాడు. మా హాల్లో పుట్టిన అరుపుకి పక్క వార్డులోంచి నర్సు ఎవరికో ఏదో అయిందని పరిగెత్తుకొచ్చింది. ఆ తర్వాత నల్ల కార్డు, అంటే తప్పు చేసినందుకు ఇక ఆ ఆటలోకి రాకూడదని చూపించే కార్డు, పడి కీగన్ బయటికి పోయాడు. రెండో సగంలో హెనెల్లీ చేతుల్లోంచి బంతి జారింది, వెంటనే పెనాల్టీ, అతనికీ నల్ల కార్డు. డబ్లిన్ ఆటగాడు డీర్ముడ్ కానెల్లీ పెనాల్టీ వలలో పెట్టాడు.

చివరికి ఒక్క పాయింటు తేడా. ఫ్రీ కిక్. మళ్ళీ కిలియన్ ఒకానరే. అంతవరకూ ఆ సాయంత్రం మేయో స్కోరులో సగానికి పైగా అతని కాలిదే. పెద్దాయన తలవంచి కళ్ళు మూసుకున్నారు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను, స్వెట్టర్ కింద ఎముక వణుకుతోంది. బంతి స్తంభానికి పక్క నుంచి బయటికి పోయింది. డబ్లిన్ 1-15, మేయో 1-14.

ఆయన కళ్ళు తెరవకుండానే, "ఎటు పోయింది?" అని అడిగారు. చెప్పాను. "మంచి కుర్రాడు వాడు. ఇవాళ రాత్రి వాడితో ఎవరైనా ఉంటే బాగుండు" అన్నారు. నేనిచ్చిన మందులు వేసుకుని, నీళ్ళు తాగి, గదికి తీసుకెళ్ళమన్నారు.

ఆ ఏడాది ఐర్లండ్ అత్యుత్తమ ఆటగాడిగా లీ కీగన్‌ని ఎన్నుకున్నారు. ఓడిన జట్టులోంచి. ఆ వార్త చెప్పినప్పుడు పెద్దాయన నవ్వారు. మరుసటి వసంతం ఆయన చూడలేదు.

నేను డ్యూటీ దిగి ఇంటికెళ్ళేసరికి ఆవిడ గిన్నెలు కడుగుతున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మాట మామూలుగానే ఉంది. 1951లో ఆవిడ చిన్నపిల్ల. కప్పు తెస్తున్నారని కొండల మీద మంటలు వేశారట, నాన్న భుజాల మీదెక్కి చూశారట. మళ్ళీ అలాంటి మంటలు చూడాలని ఉండేది ఆవిడకి. ఆ రాత్రి మాత్రం అవేవీ ఎత్తలేదు. చేతులు తుడుచుకుని గోడమీది క్యాలెండరు చూస్తూ, "వచ్చే సెప్టెంబరు మూడో ఆదివారం మీ హోమ్‌వాళ్ళకి ఇప్పుడే చెప్పేయ్, డ్యూటీ వేయొద్దని" అన్నారు. చెప్పేశాను. 2017లో మేయో మళ్ళీ ఫైనల్‌కి వచ్చింది, మళ్ళీ డబ్లిన్ మీదే, మళ్ళీ ఒక్క పాయింటుతోనే ఓడింది, 1-17కి 1-16.

ఇప్పుడు ఫైనల్ జులైలోనే అయిపోతోంది. సెప్టెంబరులో కార్లకి జెండాలు కట్టి, చలిగాలికి కోట్లేసుకుని బయల్దేరడం లేదు. 1951 జట్టులో చివరివాడు పాడీ ప్రెండర్‌గాస్ట్ 2021లో పోయారు. శాపమే ఉంటే ఈపాటికి తీరిపోయి ఉండాలి. కప్పు మాత్రం ఇంకా రాలేదు.

2017లో ఓడి వస్తున్నప్పుడు కారులో ఎవరం మాట్లాడుకోలేదు. లాంగ్‌ఫర్డ్ దాటాక ఆవిడ కారు ఆపించారు. డిక్కీ తీసి, మిగిలిన బ్రెడ్డు అందరికీ పంచి, టీ నా చేతికిచ్చి, "జనవరిలో లీగ్ మొదలవుతుంది. ఆదివారాలు ఖాళీ ఉంచుకో" అన్నారు. ఉంచుకున్నాను.